నగర నిర్మాణ గేముల్లో పౌరుల నివాసం, పని

నిర్వచనం, పరిధి

నగర నిర్మాణ గేములో ఆడేవారి చేతిలో ఉండేది నేల. రోడ్డు వేయడం, స్థలాలు కేటాయించడం, నీళ్లూ కరెంటూ తేవడం వాళ్ల పని. ఆ నేలమీదికి వచ్చి చేరే జనాన్ని నడిపేది సాఫ్ట్‌వేర్. సిమ్‌సిటీ వరుసలో ఈ జనాన్ని సిమ్‌లు అంటారు. సిటీస్: స్కైలైన్స్ అదే పలుకును స్పెల్లింగు మార్చి వాడుకుంది. సీజర్ 3 వంటి చారిత్రక గేముల్లో వీధుల్లో తిరిగే బొమ్మలకు వాకర్లని పేరు. ఈ వ్యాసంలో అందరినీ పౌరులనే అంటున్నాం. పౌరుడు ఎక్కడ కాపురం ఉంటాడు, ఎక్కడ పనిచేస్తాడు, ఆ రెండు చోట్లనూ గేము ఎలా గుర్తుపెట్టుకుంటుంది, వాటి మధ్య దూరానికి ఏం వసూలు చేస్తుంది అన్నవి ఇక్కడి విషయం.

ఇందులో రెండు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. వాటిని విడదీయకపోతే చర్చ గందరగోళంలో పడుతుంది. మొదటిది ముడి: ఫలానా మనిషికి ఫలానా ఇల్లు, ఫలానా కొలువు అని గేము స్థిరంగా రాసి పెట్టుకుంటుందా? రెండోది ఖరీదు: ఇంటికీ పనికీ మధ్య దూరం పెరిగితే ఎవరికైనా నష్టం తగులుతుందా, అంటే ఇల్లు ఖాళీ అవుతుందా, ఫ్యాక్టరీ నిలిచిపోతుందా, పనివేళ కరిగిపోతుందా? ప్రచారంలో వినిపించేది మొదటిదే. ప్రతి పౌరుడికీ పేరుంది, ఇల్లుంది, బతుకుంది అని చెప్పుకోవడం సులువు. నగరం ఎలా ప్రవర్తిస్తుందో తేల్చేది మాత్రం రెండోది. పేరైనా లేని జనంతో నడిచిన గేములు, మనిషిమనిషినీ లెక్కపెట్టిన గేములకంటే నగరాన్ని బాగా పట్టుకున్న సందర్భాలు ఈ చరిత్రలో ఉన్నాయి.

పూర్వరంగం: చోటు లేని జనం

తొలి గేముల్లో జనం ఒక అంకె. 1964లో అమెరికాలో మేబెల్ ఆడిస్ అనే పాఠశాల ఉపాధ్యాయురాలు రూపొందించిన సుమేరియన్ గేము, దాని వారసుడిగా బేసిక్ భాషలో ఊరూరా వ్యాపించిన హమురాబి, రెండూ పురాతన రాజ్యపు ధాన్యం లెక్కలు. హమురాబిలో మనిషికి ఏడాదికి 20 బుషెళ్ల తిండి కావాలి, మనిషి సాగుచేయగలిగింది 10 ఎకరాలు. అతని గుడిసె ఏ గట్టున ఉందో, పొలం ఎంత దూరమో గేముకు పట్టదు. తిండీ చాకిరీ ఉన్నాయి గాని, ఇల్లూ దారీ లేవు.

నగరాల విషయంలో ఇదే లోటు ఒక ప్రసిద్ధ పరిశోధన నమూనాలోనూ ఉంది. ఎంఐటీ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో ప్రచురించిన అర్బన్ డైనమిక్స్ పుస్తకం 250 ఏళ్లపాటు ఒక నగరం ఎదుగుదలను, క్షీణతను కంప్యూటరులో నడిపి చూపింది. అందులో శ్రామికులు మూడు తరగతులు, ఇళ్లు మూడు తరగతులు, వ్యాపార సంస్థలు మూడు తరగతులు. ఇళ్లు ఎక్కువై కొలువులు తగ్గితే వలస ఎలా మారుతుందో ఆ సమీకరణాలు చెబుతాయి. అయితే నగరంలో తూర్పు, పడమర అంటూ లేవు. ఏ ఇల్లైనా ఏ కొలువుకైనా ఒకే దూరం, అంటే అసలు దూరమే లేదు. సిమ్‌సిటీ రూపకర్త విల్ రైట్ ఈ పుస్తకం ప్రభావాన్ని బాహాటంగానే చెప్పుకున్నాడు. ఆయన చేర్చిన కొత్తదనం, ఆ లెక్కలను గళ్ల పటం మీద పరచడం.

ఇళ్లనూ కొలువులనూ పటం మీదే ముడివేసిన నమూనా పరిశోధనల్లో అంతకుముందే వచ్చింది. ఐరా లౌరీ 1964లో పిట్స్‌బర్గ్ ప్రాంతానికి తయారుచేసిన నమూనాలో బయటి మార్కెట్టుకు సరుకు చేసే ఫ్యాక్టరీలు ఎక్కడ ఉన్నాయన్నది ముందే ఇచ్చిన సమాచారం. వాటిలో పనిచేసేవారి ఇళ్లను దూరాన్నిబట్టి చుట్టూ పంచుతారు. ఆ ఇళ్లవాళ్లకు కావలసిన దుకాణాలను ఇంకొంచెం పంచుతారు. ఆ దుకాణాల్లో పనిచేసేవారికి మళ్లీ ఇళ్లు పంచుతారు. అంకెలు నిలకడకు వచ్చేదాకా ఈ చక్రం తిరుగుతుంది. ఇందులో ఒక్క మనిషికీ పేరు లేదు. ఇంటిని నిర్ణయించేది మాత్రం పనికి ఉన్న దూరమే. గేముల్లో ఇంత సూటిగా దూరాన్ని కేంద్రంలో పెట్టిన రూపం రావడానికి చాలా కాలం పట్టింది.

జోన్లు, రోడ్డు మీది పరీక్ష: 1989 సిమ్‌సిటీ

మాక్సిస్ సంస్థ 1989లో విడుదల చేసిన సిమ్‌సిటీలో నేలను ఇళ్లకు, వ్యాపారానికి, పరిశ్రమలకు మూడు రకాల జోన్లుగా కేటాయిస్తారు. ఒక్కో జోను 3 గళ్ల వెడల్పు, 3 గళ్ల పొడవు. ఏ రకానికి గిరాకీ ఉందో ఒక మూల చిన్న పట్టీ చూపుతుంది. ఈ గేము మూల సాఫ్ట్‌వేర్ 2008లో మైక్రోపోలిస్ పేరుతో స్వేచ్ఛా లైసెన్సు కింద బయటికి వచ్చింది కాబట్టి, లోపల ఏం జరుగుతుందో ఊహించాల్సిన అవసరం లేదు, చదువుకోవచ్చు.

ఇళ్ల జోను నుంచి అప్పుడప్పుడు ఒక ప్రయాణం బయల్దేరుతుంది. జోను అంచున రోడ్డు ఉందా అని చూస్తుంది, ఉంటే దానిమీదికి దిగుతుంది. కూడలి వస్తే ఏదో ఒక పక్కకు, పాచిక వేసినట్టు తిరుగుతుంది. వచ్చిన దారినే వెనక్కి మళ్లదు. అలా 30 అడుగుల్లోపు, అంటే 30 గళ్లలోపు, పక్కన వ్యాపారమో పరిశ్రమో తగిలితే ప్రయాణం నెగ్గినట్టు. అది నడిచిన గళ్లమీద ట్రాఫిక్ అంకె కొంత పెరుగుతుంది. తగలకపోతే ఓడినట్టు, ఆ జోను ఎదుగుదల కుంటుపడుతుంది. అంతే కథ. అక్కడ కొలువు ఖాళీ ఉందా అని ఎవరూ అడగరు, ఏ కొలువూ నిండదు, సాయంత్రం ఎవరూ తిరిగి రారు. తెరమీద రోడ్డు పొడవునా కదిలే కార్లు ఆ గడి అంకెను చూపే బొమ్మలే తప్ప ఎవరి వాహనాలూ కావు.

ఇది మోసమని కొట్టిపారేయడం తేలిక. కాని ముడి ఏమాత్రం లేని ఈ పరీక్షలో ఖరీదు ఉంది: 30 గళ్లకు ఆవల ఉన్న పని లేనట్టే లెక్క. అందుకే ఇళ్లను ఒక కొసన, ఫ్యాక్టరీలను మరో కొసన పెట్టిన నగరం పెరగదు. ఖరీదు ఎక్కడ తప్పిందో కూడా ఆడేవారు త్వరగానే పట్టేశారు. ఆ పరీక్షకు రోడ్డూ రైలుపట్టాలూ ఒకటే, పట్టాల మీద ట్రాఫిక్ మాత్రం పేరుకోదు. దాంతో ఒక్క రోడ్డూ లేని, ఊరంతా పట్టాలే పరిచిన నగరాలు పుట్టుకొచ్చాయి. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక వాస్తుశాస్త్ర విద్యార్థి సిమ్‌సిటీ 3000లో కట్టిన మాగ్నశాంతి ఈ దారిలో చిట్టచివరి మజిలీ: రోడ్లు లేవు, భూగర్భ రైలు ఉంది, జనాభా దాదాపు 60 లక్షలు. ఇంటికీ పనికీ మధ్య దూరాన్ని సున్నాకు తెస్తే ఎంత జనాన్ని కుక్కవచ్చో చూపిన నగరం అది.

ఉమ్మడి శ్రామిక బలగం: సీజర్ 3, ఆనో 1800

మరో కుటుంబపు గేముల్లో నగరం మొత్తానికి పనిచేయగలవారి సంఖ్య ఒక్కటే కుండలో ఉంటుంది; పనిచోట్లన్నీ అందులోంచే ముంచుకుంటాయి. 1998లో ఇంప్రెషన్స్ గేమ్స్ సంస్థ తెచ్చిన సీజర్ 3 ఇందుకు మంచి ఉదాహరణ, పైగా విచిత్రమైన ఉదాహరణ. కొత్తగా కట్టిన గని నుంచి కూలీలను వెతికే వాకర్ ఒకడు రోడ్డెక్కుతాడు. వాడి దారి పక్కన మనుషులున్న ఇల్లు ఒక్కటి తగిలినా చాలు, గనికి శ్రామికులు అందుబాటులో ఉన్నట్టే. ఆ తర్వాత గనిలో చేరే కూలీలు ఆ ఇంటివాళ్లు కానక్కరలేదు. ఉమ్మడి కుండలోంచి వస్తారు. దాంతో ఊరికి ఆమడ దూరంలో ఉన్న గని పక్కన ఒకటి రెండు గుడారాలు వేయడం ఈ గేము ఆడేవారికి అలవాటైన చిట్కా. ఆ గుడారంలో గుప్పెడు మంది ఉంటారు, గని నిండా మాత్రం మనుషులు పనిచేస్తుంటారు. వాళ్లు ఏ దారిన వచ్చారో ఎవరికీ కనపడదు. అదే సంస్థ రెండేళ్లకు తెచ్చిన జ్యూస్ ఈ వెతుకులాటను ఎత్తేసి, కుండను మాత్రం ఉంచుకుంది.

సీజర్ 3లో ఇంకో సంగతి, వర్గం. ఇల్లు గుడారం నుంచి మెట్లు మెట్లుగా ఎదిగి భవంతి స్థాయికి చేరాక అందులోవాళ్లు కులీనులవుతారు, పని మానేస్తారు. పన్ను బాగా కడతారు, కుండలో మాత్రం వాళ్ల వాటా సున్నా. 2019 నాటి ఆనో 1800 ఇదే సూత్రాన్ని పారిశ్రామిక యుగానికి తెచ్చింది. రైతు ఇంట్లో 10 మంది, కార్మికుడి ఇంట్లో 20, చేతిపనివారి ఇంట్లో 30, ఇంజనీరు ఇంట్లో 40, పెట్టుబడిదారు ఇంట్లో 50 మంది ఉంటారు. చివరివారి వల్ల శ్రామిక బలం ఒక్కటీ పెరగదు. ఒక తరగతికి కేటాయించిన పనిని మరో తరగతి చేయదు కనుక, ఇళ్లన్నిటినీ పై తరగతికి ఎక్కించిన ద్వీపంలో పొలాలు బోసిపోతాయి. ద్వీపంలో ఏ మూల ఇల్లున్నా ఏ మూల పనికైనా పనికొస్తుంది. దూరం సమస్యగా మారేది రెండు ద్వీపాల నడుమే, దానికి ప్రయాణికుల రేవు అనే కట్టడం ఉంది.

ఈ పద్ధతిలో ముడీ లేదు, దూరం ఖరీదూ లేదు. అయినా దీన్ని లోపంగా చూడనక్కరలేదు. ఆనోలో ఆట అంతా సరుకుల గొలుసులో ఉంది. ఖరీదు సరుకు బండికి పడుతుంది, మనిషికి కాదు. ఏ దూరానికి వెల కట్టాలో గేము ఎంచుకుంది, ఎంచుకున్నదాన్ని దాచుకోలేదు.

ప్రయాణ కాలమే కొలమానం: సిమ్‌సిటీ 4

2003లో వచ్చిన సిమ్‌సిటీ 4లో కూడా చాలావరకు జనం గుంపులే. ఒక్కో భవనంలో ఏ ఆదాయ తరగతివారు ఎందరున్నారో గేముకు తెలుసు, వాళ్లెవరో తెలియదు. ఆదాయాలు మూడు తరగతులు. పనులు సేవలు, ఆఫీసులు, వ్యవసాయం, పొగ చిమ్మే పరిశ్రమ, తయారీ, ఉన్నత సాంకేతికత అంటూ విడిపోయాయి. ప్రతి ఇంటినుంచీ తమ తరగతికి తగిన కొలువుదాకా దారి వెతుకుతారు. నడక, కారు, బస్సు, రైలు దేనికెంత సమయం పడుతుందో లెక్కవేస్తారు. కొలువు నిండిపోతే మరోటి చూస్తారు. ప్రయాణ కాలం హద్దు దాటితే ఆ ఇల్లు పాడుబడుతుంది. పాడుబడ్డ భవనాన్ని నొక్కి చూస్తే కారణం కింద ప్రయాణ కాలమని రాసి ఉంటుంది. ఒక గేము దూరానికి ఇంత బాహాటంగా బిల్లు వేయడం అప్పటికి అరుదు. మై సిమ్ అనే సదుపాయంతో కొందరికి పేర్లు పెట్టి ఇళ్లలో దించే వీలూ ఉంది, కాని నగరాన్ని నడిపేది వాళ్లు కాదు.

ఈ గేములో పేరుమోసిన దోషం కూడా ఖరీదుకు సంబంధించిందే. ఒక ప్రాంతం 1, 2, 4 కిలోమీటర్ల భుజాలున్న చదరాలుగా విడిపోయి ఉంటుంది, ఒకసారికి ఒక చదరమే నడుస్తుంది. పని దొరకని పౌరుడు పొరుగు చదరంలోకి దాటితే, ఇటు లెక్కలో అతనికి పని దొరికినట్టే. అటువైపు నగరాన్ని తెరిచినప్పుడు ఆ దాటినవాళ్లు సరిహద్దు దగ్గర పని వెతుకుతూ ప్రత్యక్షమవుతారు. దగ్గర్లో మరో సరిహద్దు కనిపిస్తే అందులోంచి ఇంకో నగరానికి, అక్కణ్నుంచి మళ్లీ మొదటి నగరానికి. ఇలా గిరగిరా తిరుగుతూ ఏ కొలువుకూ చేరనివాళ్లకు ఆడేవారి పరిభాషలో నిత్య ప్రయాణికులని పేరు. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగే ఈ జనం వల్ల సరిహద్దు రోడ్లు కిక్కిరిసిపోతాయి. దూరాన్ని ఒక నగరం హద్దుల్లోనే కొలిచి, హద్దు దాటగానే మీటరును సున్నాకు తిప్పినందువల్ల వచ్చిన చిక్కు ఇది. ఔత్సాహికులు తయారుచేసిన నెట్‌వర్క్ యాడాన్ మాడ్ దారి వెతికే పద్ధతిని మార్చి ట్రాఫిక్‌ను చాలా మెరుగుపరిచింది. చదరాలు విడివిడిగా నడవడమన్న మూలకారణం మాత్రం అలాగే ఉంది.

వ్యక్తులున్న నగరాలు

ప్రతి పౌరుడినీ విడి మనిషిగా నడపడం 2013 నాటి సిమ్‌సిటీతో మొదలు కాలేదు. పాప్‌టాప్ సంస్థ 2001లో తెచ్చిన ట్రోపికోలో కరీబియన్ ద్వీపంలోని ప్రతి మనిషికీ పేరు, కుటుంబం, కొలువు, రాజకీయ అభిప్రాయం ఉన్నాయి. ఆకలి, విశ్రాంతి, పూజ, వినోదం, వైద్యం అంటూ అవసరాలున్నాయి. ఒక్కోదానికి నడిచి వెళ్లాలి, వెళ్లినంతసేపూ పని ఆగుతుంది. ఇల్లు దొరకకపోతే, లేదా అద్దె అందకపోతే, తనే ఒక గుడిసె వేసుకుంటాడు. బంగారు గని పక్కన, పొగాకు తోట గట్టున గుడిసెలు గుంపుగా మొలవడం ఆడేవారు ఆజ్ఞాపించిన పని కాదు. ఇల్లు ఇవ్వని ప్రభుత్వానికి దూరం ఎంత భారమో మనుషులే లెక్క చూసుకుని ఇచ్చిన సమాధానం. ముడీ ఖరీదూ రెండూ ఉన్న అరుదైన గేముల్లో ఇది ముందు వరసలోది. జనాభా వందల్లోనే ఉండటం అందుకు వీలు కల్పించింది.

2013 మార్చి నాటి సిమ్‌సిటీ గ్లాస్‌బాక్స్ అనే కొత్త ఇంజనుతో వచ్చింది. నీరు, కరెంటు, మనిషి, అన్నీ రోడ్ల మీద కదిలే పాత్రలే. అయితే పొద్దున ఇంటినుంచి బయల్దేరిన మనిషి దారిలో తగిలిన మొదటి ఖాళీ కొలువులో చేరతాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు దారిలో తగిలిన మొదటి ఖాళీ ఇంట్లో దూరతాడు. పొద్దున వదిలిన ఇల్లు అతనిది కాదు, రేపు చేసే కొలువు ఇవాళ్టిది కాదు. ఒకే రోడ్డు మీద ఇళ్లు వరసగా ఉంటే సాయంత్రం కార్ల బారు మొదటి ఇంటి ముందు సగం మందిని దించి, నిండిపోయిందని తెలిసి తర్వాతి ఇంటికి కదులుతుంది. జనాభా పట్టికలోని అంకెకూ నిజంగా నడుస్తున్న పాత్రల సంఖ్యకూ పొత్తు లేదని విడుదలైన కొద్ది రోజుల్లోనే బయటపడింది. 500 దాటినప్పటి నుంచి అంకెను పెంచి చూపే చిన్న సూత్రం గేము తెర సాఫ్ట్‌వేర్‌లో కనిపించింది. పెద్ద నగరాల్లో అది 8 రెట్లు దాటుతుంది. మనుషులను విడివిడిగా చూపించడం, వాళ్లకు ఇల్లూ పనీ ఉండటం ఒకటే అనుకున్నవారికి ఈ గేము గట్టి సమాధానం. నగరం 2 కిలోమీటర్ల చదరానికి పరిమితం కావడంతో దూరం ఖరీదు కూడా పలచబడింది.

ఫిన్లాండ్‌లోని టాంపెరే నగరంలో ఉన్న కొలోసల్ ఆర్డర్ సంస్థ 2015లో తెచ్చిన సిటీస్: స్కైలైన్స్ ముడిని సరిగా వేసింది. పౌరుణ్ని నొక్కితే పేరు, చదువు, ఇల్లు, కొలువు కనిపిస్తాయి. ఆ ఇల్లు రేపూ అదే. ఈ జ్ఞాపకానికి పరిమితులున్నాయి: గేము గుర్తుంచుకోగల పౌరులు 10,48,576 మంది, ఒకేసారి వీధిలో కదలగలవారు 65,536, వాహనాలు 16,384. మూడూ 2ను మళ్లీమళ్లీ గుణిస్తే వచ్చే అంకెలే. అంటే నగరం ఎంత పెరిగినా బయట కనిపించేది జనంలో కొద్ది భాగమే. ఇళ్ల జ్ఞాపకం వల్ల వచ్చిన ఒక పర్యవసానం బాగా ప్రసిద్ధం. కొత్త పేట ఒక్కసారిగా నిండితే, చేరినవాళ్లంతా దాదాపు ఒకే ఈడువాళ్లు. కొన్నేళ్లకు ఆ పేట పేటంతా ఒకే కాలంలో చనిపోతుంది, శవవాహనాలు చాలవు. దీన్ని ఆడేవారు చావుల కెరటం అంటారు.

ముడి ఇంత పకడ్బందీగా ఉన్న ఈ గేములో ఖరీదు చాలా తక్కువ. నగరం ఈ చివరినుంచి ఆ చివరికి పనికెళ్లే మనిషి సంతోషం అందువల్ల తగ్గదు, ఇల్లు పాడుబడదు. గేము క్యాలెండరు ప్రకారం ఒక్క ప్రయాణానికే రోజులు, ఒక్కోసారి వారాలు పడతాయి, అయినా కొలువు పోదు. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన వాహనం కొంతసేపటికి మాయమవుతుంది. దూరం బిల్లు మనిషికి కాక సరుకు లారీకి, అంబులెన్సుకు, శవవాహనానికి తగులుతుంది. అవి చేరకపోతేనే భవనాలు మూతపడతాయి. ఆడేవారు ట్రాఫిక్‌తో అంతగా కుస్తీపట్టడానికి కారణం అది.

2023 అక్టోబరు 24న వచ్చిన సిటీస్: స్కైలైన్స్ 2 ఆ బిల్లును మనిషి చేతిలో పెట్టే ప్రయత్నం. దారి ఎంచుకునేటప్పుడు సమయం, సౌకర్యం, డబ్బు, ప్రవర్తన అనే నాలుగింటినీ పౌరుడు తూకం వేస్తాడు; కారుంటే నిలపడానికి చోటు వెతుక్కోవాలి. కుటుంబం అద్దె కడుతుంది. మొదట్లో అద్దె భూమి విలువతో ఎగబాకి, నగరమంతా అద్దె భారం గుర్తులతో నిండిపోయింది. 2024 జూన్‌లో వచ్చిన మార్పు కనిపించని ఇంటి యజమానిని తీసేసి, భవనం నిర్వహణ ఖర్చును అందులో ఉండేవారికి సమానంగా పంచింది.

ముడి లేకుండా ఖరీదు: సోవియెట్ రిపబ్లిక్

స్లొవాకియాకు చెందిన 3డివిజన్ సంస్థ 2019 నుంచి ముందస్తుగా అందించి, 2024లో పూర్తి రూపంలో తెచ్చిన వర్కర్స్ అండ్ రిసోర్సెస్: సోవియెట్ రిపబ్లిక్ ఈ వ్యాసపు వాదానికి గట్టి సాక్ష్యం. ఇందులో కార్మికుడికి స్థిరమైన కొలువు లేదు. అపార్టుమెంటు నుంచి బయటికొచ్చి, నడకదూరంలో ఉన్న పనిచోటుకో బస్టాపుకో వెళతాడు. బస్సు ఎక్కడ దింపితే అక్కడ పనిచేస్తాడు. స్టాపులో ఎక్కువసేపు ఎదురుచూస్తే విసిగి ఇంటికి మళ్లుతాడు. చలికాలపు ఉదయం వేడినీటి ప్లాంటుకు వెళ్లాల్సిన బస్సు మంచులో ఆలస్యమైతే ప్లాంటులో మనుషులుండరు, ప్లాంటు ఆగితే ఇళ్లు చల్లబడతాయి, ఇళ్లు చల్లబడితే జనం జబ్బుపడతారు, జబ్బుపడ్డవాళ్లు రేపటి బస్సు ఎక్కరు. ఒక్క బస్సు ఆలస్యం ఇంత దూరం పాకడానికి ఏ కార్మికుడికీ సొంత కొలువు ఉండాల్సిన పని లేకపోయింది.

ఆక్షేపణలు, వాటి విలువ

మొదటి ఆక్షేపణ యంత్ర సామర్థ్యానిది: లక్షల మందికి దారులు వెతకడం ఇంటి కంప్యూటరు తరం కాదు కనుక ఖరీదును వదిలేయక తప్పదంటారు. ఇందులో కొంత నిజముంది. కాని 2003 నాటి యంత్రాల మీదే సిమ్‌సిటీ 4 గుంపులకు ప్రయాణ కాలం లెక్కగట్టింది. మనుషులను విడదీసి చూపడానికి ఖర్చుపెట్టిన శక్తి దూరాన్ని కొలవడానికి మిగలకపోవడం యంత్రం చేసిన నిర్ణయం కాదు, రూపకర్తలు చేసినది.

రెండోది వినోదానికి సంబంధించింది, ఇది మరింత బరువైనది. నిజమైన నిష్పత్తులు ఆటకు చేటు చేస్తాయి. 2013 సిమ్‌సిటీ ముఖ్య రూపకర్త స్టోన్ లిబ్రాండే నిజ నగరాల్లో పార్కింగ్ స్థలాలను కొలిచి చూసి, అంత నేలను గేములో పెడితే నగరం విసుగు పుట్టిస్తుందని, కార్లు భూగర్భంలో ఉన్నట్టు ఊహించుకున్నామని బాహాటంగా చెప్పాడు. పార్కింగ్‌ను దాచడం కారు ప్రయాణం అసలు ఖరీదులో పెద్ద భాగాన్ని దాచడమే. అయినా ఖరీదు ఉంటే ఆట చేదవుతుందన్న మాట పూర్తిగా నిలవదు. యూట్ సైటో రూపొందించిన సిమ్‌టవర్ 1994లోనే ఎదురుచూపును ఆట కేంద్రంగా చేసింది: లిఫ్టు కోసం నిలబడ్డ ఉద్యోగుల నల్లని బొమ్మలు క్రమంగా గులాబీరంగుకు, ఎరుపుకు తిరుగుతాయి, ఓపిక నశిస్తే ఆఫీసు ఖాళీ చేస్తారు. ఆ ఎరుపును తగ్గించడమే ఆ గేములో సరదా.

మూడో ఆక్షేపణ ముడి పక్షాన: ఒక మనిషిని ఇంటినుంచి పనిదాకా వెంబడిస్తేనే నగరం మీద మమకారం కలుగుతుందంటారు. అది కాదనలేనిది. బానిష్డ్ (2014) అందుకు ఉదాహరణ. ఒక్కరే తయారుచేసిన ఈ గేములో పేరున్న మనిషి ఆకలితో చనిపోతే వార్త వస్తుంది. అక్కడ ముడి కథకే కాక లెక్కకూ పనికొస్తుంది: వేరు కాపురానికి ఇల్లు లేకపోతే యువజంటలు ఏర్పడవు, పిల్లలు పుట్టరు, వయసు క్యాలెండరు కంటే వేగంగా పెరిగే ఆ ఊరు ఒక తరం తర్వాత పొలం దున్నేవాళ్లు లేక కూలుతుంది. కాలం గడిచేకొద్దీ పడే ఇలాంటి భారాన్ని చూపాలంటే ముడి కావాలి. దూరం భారాన్ని చూపడానికి అక్కరలేదు.

ఇల్లే పనిచోటు

ఇళ్లొక పేట, పనులొక పేట అనే విభజన ప్రకృతి సిద్ధం కాదు, 20వ శతాబ్దపు అమెరికా చట్టం. 1926లో యూక్లిడ్ గ్రామానికీ యాంబ్లర్ రియల్టీకీ నడిచిన వ్యాజ్యంలో అక్కడి సుప్రీంకోర్టు ఇలాంటి జోన్లను సమర్థించింది. సిమ్‌సిటీ మూడు రంగులు ఆ సంప్రదాయంలోవే. కింద కిరాణా కొట్టు, పైన కాపురం ఉండే వీధిని కట్టడానికి ఆ రంగుల్లో తావు లేదు. సిటీస్: స్కైలైన్స్ రెండో గేములో మిశ్రమ నివాస జోను వచ్చింది. చారిత్రక గేములు ఈ విషయంలో ముందున్నాయి. 2004 నాటి చిల్డ్రెన్ ఆఫ్ ద నైల్‌లో కుండలు చేసేవాడి ఇల్లే దుకాణం. డబ్బు లేని ఆ ఈజిప్టులో జీతం రొట్టె రూపంలో నడుస్తుంది. 2024 ఏప్రిల్‌లో ముందస్తు విడుదలైన మేనర్ లార్డ్స్‌లో శ్రమకు కొలత మనిషి కాదు, కుటుంబం. ఇంటి పెరట్లో చెప్పులు కుట్టే కొట్టు పెట్టిస్తే ఆ కుటుంబం అదే వృత్తికి కట్టుబడిపోతుంది, ఇక పొలానికి గాని కలప కొట్టడానికి గాని పంపలేరు. దూరం సున్నా అయినచోట ఖరీదు మరో రూపంలో, స్వేచ్ఛ పోవడంగా, తిరిగొచ్చింది.

లెక్కకు రాని నివాసాలు, పనులు

నగరపాలక పరిశోధనల్లో వాడే అర్బన్‌సిమ్ వంటి నమూనాలు కుటుంబాలు ఇల్లు ఎంచుకోవడాన్నీ, సంస్థలు చోటు ఎంచుకోవడాన్నీ విడివిడిగా లెక్కిస్తాయి. గేములు వాటికంటే ఉదారంగానూ ఉన్నాయి, పిసినారిగానూ ఉన్నాయి. ఒక పౌరుడికి రెండు కొలువులుండటం, ఒకే ఇంట్లో ఇద్దరు సంపాదనపరులు రెండు దిక్కులకు వెళ్లాల్సి రావడం వల్ల ఇల్లు ఎక్కడ తీసుకోవాలన్న తర్జనభర్జన, ఇళ్లలో పాచిపని చేసేవారు, తోపుడుబండి వ్యాపారం, జీతం లేని ఇంటిచాకిరీ వంటివాటికి ఇక్కడ ప్రస్తావించిన ప్రధాన గేముల్లో చోటు లేదు, ఉన్నా అతి స్వల్పం. ఇల్లు లేకపోవడం మాత్రం ఒక్కో గేములో ఒక్కో రూపంలో ఉంది. సీజర్ 3లో నిలువనీడ కోల్పోయినవాళ్లు బండీ మూటా సర్దుకుని పటం అంచు దాటిపోతారు. ట్రోపికోలో గుడిసె వేస్తారు. సిటీస్: స్కైలైన్స్ 2లో అద్దె ఇల్లు పోయిన కుటుంబాలు నగరంలోని పార్కుల్లో చేరతాయి. ఆ పార్కును కూల్చి రోడ్డు వేస్తే, వాళ్లు మరో పార్కు వెతుక్కుంటారు.